చిన్న రేణువులే బలమైనవా?



“నానో అంటే బలం” అన్న మాట మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఈ మాటను విన్నది విన్నట్టు ఒప్పుకోకూడదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

హైదరాబాదుకు పడమట ఉన్న లింగంపల్లికి ఒకవైపు 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ నానోస్ఫటిక అల్యూమినియం మీద పరిశోధనలు జరిగాయి. మరోవైపు రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం ఉంది. అక్కడ టర్బైన్లు తయారవుతాయి. రెండుచోట్లా లోహాలతోనే పని. కాని అన్ని పనులకూ ఒకే రకం లోహం సరిపోతుందా?

ముందు రేణువు అంటే ఏమిటో తెలుసుకుందాం. జింకు పూత పూసిన ఇనుప బకెట్టును వెలుగులో పెట్టి చూడండి. దానిమీద మెరిసే పువ్వుల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. ఒక్కొక్క పువ్వూ ఒక జింకు రేణువు. అల్యూమినియంలోనూ ఇలాంటి రేణువులు ఉంటాయి. అయితే వాటిని చూడాలంటే సాధారణంగా సూక్ష్మదర్శిని కావాలి. ఒక రేణువులో పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. పక్క రేణువులో ఆ వరుసలు మరో వాలుగా ఉంటాయి.

లోహం వంగేటప్పుడు పరమాణువుల వరుసలన్నీ ఒక్కసారిగా జరగవు. జంపఖానాలో ముడత ఈ చివరినుంచి ఆ చివరికి పాకినట్టు, వరుసల్లోని చిన్న లోపం ఒకటి పాకుతూ పోతుంది. గుడ్డముక్కలు కుట్టిన బొంతలో ముడత ప్రతి కుట్టు దగ్గరా ఆగుతుంది కదా! అలాగే ఈ లోపం రేణువు సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. రేణువులు చిన్నవైతే సరిహద్దులు ఎక్కువ. అందుచేత లోహం అంత తేలికగా వంగదు.

దీనికి ఒక లెక్క ఉంది. 1951లో హాల్, 1953లో పెచ్ దీన్ని వివరించారు. రేణువు అడ్డుకొలత నాలుగో వంతుకు తగ్గితే, సరిహద్దుల వల్ల వచ్చే బలం రెట్టింపవుతుంది. 40,000 నానోమీటర్ల రేణువును 100 నానోమీటర్లకు తెచ్చామనుకోండి. కొలత 400వ వంతయింది. 400కు వర్గమూలం 20. అంటే సరిహద్దులిచ్చే బలం 20 రెట్లు! అల్యూమినియం పొడిని ఉక్కు గుండ్లతో గంటల తరబడి మరలో తిప్పితే ఇంకా చిన్న రేణువులు కూడా వస్తాయి.

అయితే ఇంకా ఇంకా చిన్నవి చేస్తూ పోతే? 1989లో అతుల్ చోక్షి, ఆయన సహచరులు రాగి, పల్లేడియం లోహాలను పరీక్షించారు. నానో కొలతల్లో రేణువు తగ్గినకొద్దీ గట్టిదనం పెరగలేదు సరికదా, తగ్గింది! 10 నానోమీటర్ల అల్యూమినియం రేణువులో ఈ కొసనుంచి ఆ కొసకు పరమాణువులు సుమారు 35 మాత్రమే పడతాయి. అంత చిన్న రేణువులో పాకే లోపానికి చోటే ఉండదు. అప్పుడు సరిహద్దులే జారడం మొదలుపెడతాయి.

మరో రెండు చిక్కులున్నాయి. నానోస్ఫటిక అల్యూమినియం తరచు కొద్దిగా సాగగానే తెగిపోతుంది. సాగని రేకును నొక్కి గిన్నె చేయడం ఎలా? ఇక వేడి తగిలితే చిన్న రేణువులు కలిసిపోయి పెద్దవవుతాయి. కష్టపడి సంపాదించిన బలం పోతుంది.

వేడిలో పనిచేసే టర్బైన్ బ్లేడు సంగతి మరీ విచిత్రం. అక్కడ సరిహద్దులే బలహీన స్థానాలు. 2021లో హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని డి.ఎం.ఆర్.ఎల్. ప్రయోగశాల హెలికాప్టర్ ఇంజను కోసం 60 బ్లేడ్లను హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందించింది. నికెల్ మిశ్రమలోహంతో చేసిన ఆ బ్లేడు ఒక్కొక్కటీ ఒకే స్ఫటికం. అంటే బ్లేడంతా కలిసి ఒకే రేణువు!

చూశారా! ఒకే నగరంలో ఒకచోట రేణువును వీలైనంత చిన్నది చేస్తున్నారు. మరొకచోట సరిహద్దు అన్నదే లేకుండా చేస్తున్నారు. ఇద్దరూ సరైన పనే చేస్తున్నారు. ఎందుకంటే వారి అవసరాలు వేరు.

కాబట్టి “నానో పదార్థాలు బలమైనవి” అని బట్టీపట్టి రాస్తే విజ్ఞానశాస్త్రం నేర్చుకున్నట్టు కాదు. ఎవరైనా మీతో ఆ మాట అంటే మూడు ప్రశ్నలు అడగండి. రేణువు కొలత ఎంత? ఎంత వేడిలో వాడతారు? తెగే ముందు ఎంత సాగుతుంది? జవాబులు విన్నాకే అది బలమైనదో కాదో మీరే తేల్చండి.