చప్పుడు ఎవరిదో చెప్పని కంప్యూటర్

ఇంట్లో కంప్యూటర్ వాడేవాళ్లను తెరమీద కనిపించే లోపాలకంటే ఎక్కువగా కలవరపెట్టేది ఎక్కడినుంచి వచ్చిందో అంతుబట్టని చప్పుడు. ఏమీ తెరవకుండానే స్పీకర్ టింగుమంటుంది. ఏ వైరునూ ముట్టుకోకుండానే పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు వచ్చే శబ్దం వస్తుంది. ఊరికే తెరిచి ఉంచిన ల్యాప్‌టాప్ ఫ్యాను ఉన్నట్టుండి హోరెత్తుతుంది. అప్పుడు మనసులో మెదిలే మొదటి మాట ‘ఎవరో హ్యాక్ చేశారు’. రెండో మాట ‘ఎవరికైనా ఫోన్ చేయాలి’. మొదటిది చాలావరకు పొరపాటు. రెండోది ఆ పొరపాటును సొమ్ము చేసుకోవడానికి కాచుకుని కూర్చున్నవాళ్లకు దొరికే అదను. కంప్యూటర్ భద్రత గురించి మనకు చెప్పే జాగ్రత్తల్లో పాస్‌వర్డ్‌లుంటాయి, ఓటీపీలుంటాయి, లింకులు నొక్కొద్దన్న హెచ్చరికలుంటాయి. ఈ చప్పుళ్ల ఊసు మాత్రం ఉండదు. ఉండి తీరాలి. ఎందుకంటే ఎవరిదో తెలియని చప్పుడే ఒక పెద్ద మోసానికి పెట్టుబడి అవుతోంది. ఆ పెట్టుబడి మోసగాళ్లకు దక్కకుండా చేయగలిగిన కంపెనీలు ఆ పని సగంలో వదిలేశాయి.

చప్పుడైతే హ్యాకింగే అన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. 1989లో బయటపడిన ‘యాంకీ డూడుల్’ వైరస్ సాయంత్రం 5 గంటలకు కంప్యూటర్ స్పీకర్‌లో ఆ పేరుగల అమెరికన్ పాట బాణీ వాయించేది. 1998లో వచ్చిన ‘నెట్‌బస్’ ప్రోగ్రామ్‌తో ఎక్కడో కూర్చున్నవాడు ఇంకొకరి సీడీ ట్రేను బయటికి నెట్టగలిగేవాడు, వాళ్ల స్పీకర్‌లో తనకు నచ్చిన శబ్దం మోగించగలిగేవాడు. అప్పటి వైరస్‌లు రాసినవాళ్లలో చాలామందికి కావలసింది పేరు, లేదా ఆకతాయి సరదా. చప్పుడు చేయకపోతే వాళ్ల పనే జరగదు. తర్వాత ఈ రంగంలోకి డబ్బు వచ్చింది, దాంతో అంతా తలకిందులైంది. డబ్బుకోసం చొరబడేవాడికి ఎంత ఆలస్యంగా బయటపడితే అంత లాభం. 2017 మే 12న ప్రపంచాన్ని కుదిపిన వాన్నాక్రై వైరస్ చివర్లో ఎర్రటి తెర చూపించి డబ్బు అడిగింది. కానీ లోపలికి వచ్చేటప్పుడు అది అలికిడి చేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. దాదాపు రెండు నెలలపాటు ఆ అప్‌డేట్ వేయని కంప్యూటర్ ఏదీ ‘నేను ప్రమాదంలో ఉన్నాను’ అని మోగలేదు. ఇవాళ బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లనూ లాగిన్ గుర్తులనూ ఎత్తుకుపోయే ప్రోగ్రామ్‌లూ అంతే. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వెంట వస్తాయి, కొద్దిసేపట్లో పని ముగించుకుంటాయి, కొన్ని తమను తామే చెరిపేసుకుంటాయి.

మరి మనకు వినిపించేవి ఏమిటి? చాలావరకు అవి యంత్రం తన బాధను తాను చెప్పుకోవడమే. యూఎస్‌బీ శబ్దం పదేపదే వస్తుంటే కేబుల్ వదులైనా అయి ఉండాలి, పోర్టు అరిగైనా ఉండాలి, లేదంటే ఒకే హబ్‌కు తగిలించిన నాలుగు పరికరాలకు కరెంటు చాలక ఏదో ఒకటి మాటిమాటికీ తెగి మళ్లీ కలుస్తుండాలి. ఖాళీగా ఉన్నప్పుడే ఫ్యాను హోరెత్తడానికి కారణం ఆ ఖాళీయే. మనం పని ఆపాక విండోస్ అప్‌డేట్ దించుకోవడం, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఫైళ్లన్నీ తనిఖీ చేయడం మొదలుపెడతాయి. ఫ్యాను రెక్కలకు దుమ్ము పట్టిన పాత యంత్రమైతే అదే పనికి రెట్టింపు మోత. కరెంటు పోయినా వచ్చినా యూపీఎస్ బీప్‌మంటుంది. బ్యాటరీ పాడైతే కరెంటు ఉన్నప్పుడు కూడా అంటుంది. తెరమీది బొమ్మ కదిలినప్పుడల్లా సన్నగా కీచుమనే ధ్వని సర్క్యూట్ బోర్డు మీది కాయిల్ కంపించడం వల్ల వస్తుంది. చెవికి ఇబ్బందే గాని ప్రమాదం లేదు. నిజంగా కంగారుపడాల్సిన శబ్దం ఒకటుంది. అది పాత తరహా హార్డ్ డిస్క్‌లోంచి ఒకే లయలో వచ్చే టక్ టక్. డేటా చదివే ముల్లు తన చోటు దొరక్క వెనక్కీ ముందుకీ కొట్టుకుంటోందని దాని అర్థం. ఆ డిస్క్‌కు ఇక ఎక్కువ ఆయుష్షు లేకపోవచ్చు. ఆ సమయంలో వైరస్ స్కాన్ పెట్టడం, ఫార్మాట్ కొట్టించడం రెండూ పొరపాటే. ఉన్న ఫొటోలూ కాగితాలూ వెంటనే ఇంకోచోటికి కాపీ చేసుకోవాలి. అంత విలువైనవైతే కంప్యూటర్ ఆపేసి డేటా వెలికితీసే నిపుణులకు ఇవ్వాలి. హ్యాకింగ్ భయం చేసే మొదటి చేటు ఇక్కడే కనిపిస్తుంది. లేని దొంగను వెతుకుతూ ఉన్న ఆస్తిని పోగొట్టుకుంటాం.

రెండో చేటు బ్రౌజర్ దగ్గర మొదలవుతుంది. ఏదో సినిమా కోసమో హాల్ టికెట్ కోసమో వెతుకుతూ ఒక సైట్ తెరుస్తాం. ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి’ అంటుంది. ఆ ‘అలో’కూ రోబోకూ సంబంధమే లేదు. మన తెరమీదకి ఎప్పుడంటే అప్పుడు నోటిఫికేషన్లు పంపుకొనే హక్కు అది. నొక్కిన రోజునుంచి, ఆ సైట్ మూసేసినా కుడివైపు కింది మూలన టింగుమంటూ చీటీలు వస్తాయి: మీ కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లు, మీ రక్షణ గడువు ముగిసింది, వెంటనే శుభ్రం చేయండి. పక్కనే పేరున్న యాంటీవైరస్ బొమ్మ. అది వైరస్ కాదు, కంప్యూటర్‌లోకి ఏదీ దూరలేదు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లకు అనుమతి ఉన్న సైట్ల జాబితా తెరిచి ఆ పేరు తీసేస్తే నిమిషంలో సద్దుమణుగుతుంది. ఈ సంగతి బ్రౌజర్ కంపెనీలకు బాగా తెలుసు. 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్, ఫిబ్రవరిలో క్రోమ్ ఈ అనుమతి అడిగే పద్ధతిని కట్టడి చేస్తూ మార్పులు తెచ్చాయి. అయినా ఆ చీటీ మోగినప్పుడు ‘ఇది ఫలానా సైట్ పంపిన ప్రకటన’ అని పెద్దక్షరాల్లో చెప్పే ఏర్పాటు లేదు. సైట్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, భయపెట్టే వాక్యం పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

అక్కడినుంచి సైరన్ దాకా ఒక్క నొక్కే దూరం. తెర మొత్తం నిండిపోతుంది, మౌస్ కనపడదు, ‘మీ కంప్యూటర్ లాక్ అయింది, ఆపితే డేటా పోతుంది’ అని యంత్రస్వరం ఆగకుండా చదువుతుంది, మధ్యలో ఒక ఫోన్ నంబరు. లాక్ అయిందేమీ లేదు. అది తెరనిండా పరుచుకున్న మామూలు వెబ్ పేజీ. ఎస్కేప్ మీట నొక్కి పట్టుకుంటే, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేస్తే పోతుంది. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎన్నడూ ఉండదని మైక్రోసాఫ్ట్ ఎప్పటినుంచో చెబుతోంది. కానీ ఆ మోతలో అది గుర్తొచ్చేదెవరికి? ఫోన్ చేసినవాళ్లకు అవతలి మనిషి ఎంతో మర్యాదగా కంప్యూటర్‌ను దూరంనుంచి నడిపే యాప్ ఒకటి వేయిస్తాడు. తర్వాత విండోస్ తనలో జరిగినవన్నీ రాసుకునే చిట్టా ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఎర్ర గుర్తులూ పసుపు గుర్తులూ చూపిస్తాడు. ఆ గుర్తులు నిన్న కొన్న కంప్యూటర్‌లో కూడా ఉంటాయి. నెట్‌స్టాట్ ఆదేశమిచ్చి ‘ఫారిన్ అడ్రస్’ అన్న శీర్షిక కింద వరసగా ఉన్న అంకెలు చూపించి విదేశీయులు చొరబడ్డారంటాడు. మన కంప్యూటర్ మాట్లాడుతున్న అవతలి కంప్యూటర్ ఏదైనా, అది పక్క గదిలోదైనా, ఆ వరసలోనే కనిపిస్తుంది. ఇంకొకడు 888డీసీఏ60తో మొదలయ్యే పొడుగాటి అంకెను ‘మీ కంప్యూటర్ లైసెన్స్ నంబరు ఇదే, మా దగ్గరా ఇదే ఉంది’ అని చదివి వినిపిస్తాడు. ఆ అంకె ప్రతి విండోస్‌లోనూ ఒకటే. చూపించిన ఆధారాల్లో ఒక్కటీ దొంగది కాదు. ప్రతిదీ నిజంగా ఆ కంప్యూటర్‌లో ఉన్నదే, అర్థం మాత్రం అబద్ధం. చదువుకున్నవాళ్లు కూడా మోసపోవడానికి కారణం ఇదే. వాళ్లను తెలివితక్కువవాళ్లని అనడం అన్యాయం.

ఈ వ్యాపారం మనకు దూరమేమీ కాదు. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో దేశమంతటా సోదాలు జరిపినప్పుడు, టెక్ సపోర్ట్ పేరుతో విదేశీయులను దోచిన కాల్ సెంటర్ల వ్యవహారం అందులో ఉంది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన సమాచారం ఆ దర్యాప్తుకు పనికొచ్చింది. 2025లో హైదరాబాద్ హైటెక్ సిటీలోనూ, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోనూ అమెరికావాళ్లను ఫోన్‌లో భయపెట్టి డబ్బు గుంజే కాల్ సెంటర్లను పోలీసులు పట్టుకున్నారు. భయాన్ని అమ్మేది దొంగలే అనుకుంటే అదీ సగమే నిజం. అమెరికాలో పేరున్న దుకాణాల సంస్థ ఆఫీస్ డిపో, దానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 2019లో 3.5 కోట్ల డాలర్లు చెల్లించి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీతో రాజీపడ్డాయి. ఆరోపణ ఏమిటంటే, ఉచితంగా పరీక్షిస్తామని కంప్యూటర్ తీసుకుని ముందు నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్లు: నెమ్మదిగా నడుస్తోందా, పాప్-అప్‌లు వస్తున్నాయా, ఇలాంటివి. ఒక్కదానికి అవునన్నా చాలు, స్కాన్ ఏం చూసిందన్న దానితో నిమిత్తం లేకుండా వైరస్ లక్షణాలున్నాయని ఫలితం వచ్చేది. మనిషి చెప్పుకున్న అనుమానాన్నే రోగనిర్ధారణగా తిప్పి చేతిలో పెట్టారు. కొత్త ల్యాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చే యాంటీవైరస్‌లు గడువు ముగియగానే ఎర్ర గుర్తు, శబ్దం కలిపి బెదిరించడం చూస్తే, అసలుకూ నకిలీకీ తేడా ఎలా పోల్చుకోమంటున్నారో అర్థం కాదు.

చప్పుడంటే హ్యాకింగ్ కాదన్న మాటకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. కొన్ని హానికర ప్రోగ్రామ్‌లు నిజంగానే చప్పుడు చేస్తాయి కదా? చేస్తాయి. ప్రకటనల లెక్కలు పెంచడానికి తయారైన కొన్ని ట్రోజన్లు కనపడకుండా వీడియో ప్రకటనలు నడిపితే, తెరమీద ఏమీ లేకుండానే మాటలు వినిపించిన సందర్భాలున్నాయి. 2017లో మొదలై 2019 మార్చిలో మూతపడిన కాయిన్‌హైవ్ వంటివి, సైట్ తెరిచినవాళ్ల ప్రాసెసర్‌తో క్రిప్టో నాణేలు తవ్వించి ఫ్యాన్లను హోరెత్తించాయి. అందువల్ల చప్పుళ్లను పట్టించుకోవద్దని నేననడం లేదు. చప్పుడు ఎవరిదో కనిపెట్టిన తర్వాతే భయపడాలా వద్దా తేల్చుకోవాలంటున్నాను. శబ్దం నడుస్తుండగానే వాల్యూమ్ మిక్సర్ తెరిస్తే ఏ ప్రోగ్రామ్ పేరు పక్కన గీత కదులుతోందో కనిపిస్తుంది. ఫ్యాను మోత అయితే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం చూడాలి. అక్కడ పై వరసలో ‘యాంటీమాల్‌వేర్ సర్వీస్’ అని ఉంటే అది డిఫెండర్ తనిఖీయే. తెలియని పేరు ఎడతెగకుండా పైనే ఉంటే, అప్పుడు విండోస్ భద్రతలోని ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాలి. అది విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి తప్పించుకోవడం కష్టం. వీటిలో దేనికీ ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు.

పెద్దవాళ్లకు ఇవన్నీ ఎక్కడ వస్తాయి, కాస్త భయం ఉంటేనే జాగ్రత్తగా ఉంటారు అనేవాళ్లున్నారు. ఈ మాట మంచి మనసుతో అన్నదే అయినా జరుగుతున్నదానికి విరుద్ధం. భయం వాళ్లను జాగ్రత్తపరచడం లేదు, ఫోన్ అందుకునేలా చేస్తోంది. పైగా భయమంతా మోగేవాటి మీద ఖర్చయిపోయి మోగని ప్రమాదాలకు మిగలడం లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ మర్నాడు కూడా ఆ కంప్యూటర్లు నిన్నటిలాగే ప్రశాంతంగా తెరుచుకున్నాయి. ‘విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్, వి నొక్కండి, ఎంటర్ కొట్టండి’ అని మనచేతే దొంగ ఆదేశాన్ని నడిపించే కొత్త రకం రోబో పరీక్షలు వచ్చాయి. వాటిలో సైరన్ లేదు, ఎర్ర తెర లేదు. ఆ మూడు నొక్కుళ్లతో పాస్‌వర్డ్‌లన్నీ పోవచ్చు.

ఇక కంపెనీల బాధ్యత. ఏ ట్యాబ్ మోగుతోందో చూపే చిన్న స్పీకర్ బొమ్మను క్రోమ్ 2014లోనే తెచ్చింది. ఏదైనా ప్రోగ్రామ్ మైకు వాడుతుంటే విండోస్ 2019 నుంచి కింద గుర్తు చూపిస్తోంది. ఏ యాప్ ఎప్పుడు మైకు వాడిందో సెట్టింగ్స్‌లో చరిత్ర కూడా ఉంచుతోంది. మన మాట విన్నదెవరో చెప్పగలిగినప్పుడు మనకు వినిపించిందెవరో చెప్పడం కష్టమా? వాల్యూమ్ మిక్సర్ ఇందుకు చాలదు. టింగుమన్న శబ్దం అరక్షణంలో అయిపోతుంది, మనం తెరిచేసరికి అక్కడేమీ ఉండదు. పైగా విండోస్ సొంత శబ్దాలన్నీ ‘సిస్టమ్ సౌండ్స్’ అనే ఒకే మూటలో ఉంటాయి. యూఎస్‌బీ వదులైనా, బ్యాటరీ తగ్గినా, ఏదో లోపం వచ్చినా అక్కడ ఒకటే పేరు. గత గంటలో మోగిన శబ్దాలు, వాటిని పంపిన ప్రోగ్రామ్ లేదా సైట్ లేదా పరికరం పేరు, సమయం, ఇంతే ఉన్న ఒక పట్టిక చాలు. అది మన గోప్యతకు భంగమనేవాళ్లకు సమాధానం మైకు చరిత్రే. అది మన యంత్రంలోనే ఉంటుంది, అలాగే ఇదీ ఉంటుంది. మామూలు మనుషులు చూడరనడం కూడా సరికాదు. తల్లిదండ్రుల కంప్యూటర్ గురించి డల్లస్ నుంచి వీడియో కాల్‌లో ఆరా తీసే కొడుకు చూస్తాడు, వీధి చివర సర్వీసు సెంటర్ కుర్రాడు చూస్తాడు, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు చూస్తుంది. ఇవాళ వాళ్లకు చూడటానికి ఏమీ లేక ‘ఫార్మాట్ కొట్టిద్దాం’ అంటున్నారు.

మన ప్రభుత్వాలు కూడా చేయగలిగింది ఉంది. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్న ప్రచారం బాగానే సాగుతోంది. కంప్యూటర్లలో దూరి దొంగలు చెప్పినట్టు నడిచే బాట్‌లను తొలగించే ఉచిత సాధనాలను కేంద్రం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం అందిస్తోంది. ఈ రెంటికీ ముందు జరగాల్సిన పని ఒకటుంది. మీసేవ కేంద్రాల గోడమీద, గ్రంథాలయాల్లో, బడి కంప్యూటర్ గదుల్లో తెలుగులో ఒక్క కాగితం అంటించాలి: తెరమీద సైరన్ మోగితే ఏ మీటలు నొక్కాలి, మూలన టింగుమనే చీటీని ఎక్కడ ఆపాలి, హార్డ్ డిస్క్ టక్ టక్‌మంటే ముందు ఏం కాపీ చేసుకోవాలి, తెరమీది నంబరుకు ఎందుకు ఫోన్ చేయకూడదు. కంప్యూటర్ కంపెనీల దగ్గర రాష్ట్రాలు వేల యంత్రాలు కొనేటప్పుడు, శబ్దాల పట్టిక కావాలని, అది తెలుగులో కూడా ఉండాలని టెండరు షరతుల్లో ఒక వాక్యం రాయాలి.