గోలీ కంటే ముందు పరీక్ష అడుగుదాం

పోస్టు కొంచెం పెద్దగుంటది. ఆడపిల్లల ముచ్చట కదా అని తమ్ముళ్లు పక్కకు జరపొద్దు, మీతో కూడా పనుంది.

షాద్‌నగర్‌లో హాస్టళ్లల్ల, రూముల్లో ఉండి చదువుకుంటున్న తండా ఆడపిల్లలం మొన్న ఆదివారం ఒక దగ్గర కూర్చున్నం. పరీక్షల గురించి మొదలైన మాట ఇంకో దిక్కు పోయింది. దురద, మంటతో కూర్చోలేక రెండు పేపర్లు రాయలేదని ఒక చెల్లె చెప్పింది. ఆమె నోరు విప్పేసరికి ఒకరి తర్వాత ఒకరు "నాక్కూడా" అన్నరు. ఏడాదిలో మూడుసార్లు వచ్చినోళ్లు కూడా ఉన్నరు. ఒకరు మెడికల్ షాపులో ట్యూబ్ కొన్నరు, ఒకరు ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలు మింగినరు, ఇంకొకరికి యాడి "వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగు" అన్నది. పరీక్ష చేయించుకున్నోళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

మా అభిప్రాయం ఒక్కటే. గోలీ కంటే ముందు పరీక్ష కావాలి. ఎందుకో చెప్తం.

యోనిలో బ్యాక్టీరియా ఉండటం రోగం కాదు, మురికీ కాదు. అక్కడ లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా ఉంటుంది. అది లాక్టిక్ ఆమ్లం తయారుచేసి ఆ చోటును పుల్లగా, అంటే పీహెచ్ 4.5 లోపు ఉంచుతుంది. ఆ పులుపులో చాలా చెడ్డ క్రిములు బతకలేవు. క్యాండిడా అనే ఈస్ట్ కూడా చాలామందిలో ఏ బాధా పెట్టకుండా కొద్దిగా ఉంటుంది. జలుబుకో జ్వరానికో అడ్డగోలుగా యాంటీబయాటిక్ వేసుకుంటే మంచి బ్యాక్టీరియా చస్తుంది. ఈస్ట్ ఫంగస్ కాబట్టి ఆ మందుకు చావదు, ఖాళీ దొరికి పెరుగుతుంది. అట్లని లాక్టోబాసిల్లస్ ఉంటే ఈస్ట్ రాదని కాదు, ఆ పులుపులో కూడా అది పెరగగలదు. షుగర్ అదుపులో లేకున్నా, గర్భంతో ఉన్నా ఎక్కువవుతుంది. అందుకే పెరుగు పూసుకోవడం, లోపల సబ్బుతో కడగడం వైద్యం కాదు.

అసలు చిక్కు గుర్తుపట్టడంలో ఉంది. ఈస్ట్ అయితే దురద, మంట, విరిగిన పాలలాంటి తెల్లబట్ట. చెడ్డ బ్యాక్టీరియా ఎక్కువైతే పల్చటి తెల్లబట్ట, చేప వాసన. పుస్తకంలో ఇంత తేటగా ఉన్నా ఒంట్లో రెండూ కలిసిపోతాయి. మందులు మాత్రం వేరు వేరు. అమెరికాలో 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఈస్టే అనుకొని సొంతంగా మందు కొన్న 95 మందిని పరీక్షిస్తే, ఉత్త ఈస్ట్ ఇన్ఫెక్షన్ ఉన్నది మూడో వంతు మందికే. చదువుకున్నోళ్ల అంచనానే అట్లుంటే షాపు కౌంటర్ మీద అంచనా ఎంత? స్టెరాయిడ్ కలిసిన ట్యూబ్ రాస్తే దురద అణుగుతుంది, ఫంగస్ ఉండనే ఉంటది. 2018లోనే కేంద్రం స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. అయినా అడిగితే చేతిలో పెడుతున్నరు.

పరీక్ష పెద్దదేం కాదు. దూదిపుల్లతో నమూనా, ఒక గాజు పలక, ఒక చుక్క ద్రావణం, టీబీ తెమడ చూసే మైక్రోస్కోప్ లాంటిదే ఒకటి, పీహెచ్ కాగితం. పెళ్లికాని పిల్లలకు లోపల పరికరం పెట్టకుండానే నమూనా తీయొచ్చు. ఏడాదిలో మూడుసార్లు, అంతకు మించి వస్తే దాన్ని తిరగబెట్టే ఇన్ఫెక్షన్ అంటారు. దానికి ఒక్క గోలీ చాలదు. మొదట కొన్ని రోజుల మందు, తర్వాత వారానికొకటి చొప్పున ఆరు నెలలు డాక్టర్ చూపులో వాడాల్సి రావచ్చు. కొన్ని రకాల క్యాండిడా మామూలు గోలీకి లొంగదు కూడా. గర్భిణులు ఆ గోలీ అడగకుండా మింగొద్దు.

ఇంకో మాట. ప్రతి నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఈస్ట్ వస్తుందని డాక్టర్ల లెక్క. పెళ్లి కానోళ్లకూ వస్తుంది. దీన్ని సుఖవ్యాధిగా లెక్కగట్టరు. దీన్ని చూసి ఒక పిల్ల గుణం తూచేటోళ్లకు ముందు ఈ పోస్టు చూపించండి.

మనం చేయగలిగింది ఉంది. 2023 మార్చి 8న మన రాష్ట్రంలో ఆరోగ్య మహిళ మొదలైంది, మంగళవారం ఆడవాళ్ల కోసమే క్లినిక్. దగ్గర్లో ఎక్కడ నడుస్తున్నదో ఏఎన్‌ఎం అక్కను అడిగి, గుంపుగా పోయి, "స్లైడ్ పరీక్ష చేయండి" అని నోరు తెరిచి అడుగుదాం. తండాలో మాటిమాటికీ దురద అంటున్న అమ్మలకు షుగర్ పరీక్ష చేయిద్దాం. తమ్ముళ్లూ, చెల్లె దవాఖానకు పోవాలి, బస్సు కిరాయి కావాలంటే "ఎందుకు" అని నిలదీయకుండా ఇయ్యండి.

వచ్చే మంగళవారం మేం నలుగురం పోతున్నం. రావాలనుకునే చెల్లెళ్లు మెసేజ్ పెట్టండి. కారణం రాయనక్కర్లేదు, "నేనొస్త" అంటే చాలు.