డ్యూటీ చార్టుకు నిద్ర లెక్క తెలియదు

ప్రశ్న: మావారు విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. రోజూ తిరువూరు నుంచే బస్సులో వెళ్ళి వస్తారు. డ్యూటీలు వేసేదీ, ఓవర్‌టైము లెక్క కట్టేదీ కంప్యూటరే. శనివారం రాత్రి డ్యూటీ చేసి ఆదివారం ఉదయం 8కి దిగితే, మళ్ళీ సాయంత్రం 4కి రమ్మంటుంది. రెండు నెలలుగా తలనొప్పి, చికాకు, అజీర్తి. ఇంట్లో పడుకుంటే నిద్ర పట్టదు. ఏదైనా టానిక్కు చెప్పగలరా?
— ఒక సోదరి, తిరువూరు

జవాబు: అమ్మా, మీవారికి ముందు కావలసింది టానిక్కు కాదు, నిద్ర. అయినా ఒకసారి రక్తపోటు, షుగరు, రక్తహీనత పరీక్షలు చేయించండి.

కంప్యూటరు ఒక్కొక్కరు చేసిన గంటలు కూడుతుంది. ఎవరికైనా వారానికి 48 దాటబోతుంటే, గంటలు తక్కువ ఉన్నవారికి ఆ డ్యూటీ చూపిస్తుంది. మంచిదే. మొహమాటస్తుడి నెత్తిన అన్నీ రుద్దడం తగ్గుతుంది. కాని మనం చెప్పిన నిబంధనలే దానికి తెలుసు. వారం లెక్క శనివారంతో ముగిస్తే, మీవారి రెండు డ్యూటీలూ రెండు వారాల్లో పడతాయి. కాగితం మీద ఓవర్‌టైమే కనబడదు! దేహానికి ఆ గీత తెలియదు. ఆ 8 గంటల విరామంలో మైలవరం మీదుగా రాకపోకలకే నాలుగు గంటలు పోతే, స్నానం, భోజనం పోను నిద్రకు మిగిలేదెంత?

వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. కనుక ఉపేక్షించవద్దు.

చార్టు వేసే అధికారిని మీవారు ఒక్కటి అడగాలి: రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటల విరామం ఉండాలన్న నిబంధన కంప్యూటరులో పెట్టించమని. ఐరోపా దేశాల్లో ఇది చట్టమే. డ్యూటీలు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో మారితే దేహం తేలిగ్గా సర్దుకుంటుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వృత్తి భద్రత కోడ్ ప్రకారం, దాని పరిధిలోని సంస్థల్లో ఓవర్‌టైముకు కార్మికుని సమ్మతి కావాలి, రెట్టింపు వేతనం ఇవ్వాలి.

ఒక చిన్న నోటుబుక్కులో మీవారు ఇల్లు వదిలిన వేళ, తిరిగి చేరిన వేళ రాయండి. అధికారికి చూపవలసిన లెక్క అదే.

రాత్రి డ్యూటీ చివరి ఐదారు గంటల్లో కాఫీ, టీలు మానాలి. ఇంటికి రాగానే తేలికగా తిని, చీకటి గదిలో పడుకోవాలి. సెల్‌ఫోను మీ దగ్గరే ఉంచుకోండి. చుట్టాలొచ్చినా లేపకండి. డాక్టరు చెప్పనిదే నిద్రమాత్రలు వద్దు. రాత్రి డ్యూటీ దిగి మోటారు సైకిలు నడపనివ్వకండి. ఛాతీనొప్పి, మాట తడబడటం, ఒకవైపు చెయ్యో కాలో పట్టుతప్పడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.