చివరి ఉకారం

'ఎమ్మెస్సీ చదివినదానివి, మళ్లీ ఏబీసీడీలేంటే?' పామర్రు నుంచి అమ్మ ఫోన్లో వేసిన ప్రశ్న అది. అవతల కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో కూతురు నవ్వేసింది కానీ, అదే ప్రశ్న ఆమెనూ వారం రోజులు నిద్రపోనివ్వలేదు. బెజవాడలో నాలుగేళ్లు జూనియర్ కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పిందాయె! అలాంటిది, పిల్లాడికి జ్వరమొచ్చిన రోజు డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేస్తే అటునుంచి గడగడా అడిగిన నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ అర్థం కాలేదు. మీటింగులో ఉన్న భర్త బయటికొచ్చి మాట్లాడేదాకా పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మర్నాడే అడల్ట్ స్కూల్లో పేరు రాయించుకుంది.

కృష్ణా డెల్టాలో ఇలా సముద్రాలు దాటిన కూతుళ్లూ కోడళ్లూ లేని ఊరు వెతుక్కోవాల్సిందే. 2010-2017 మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని అక్కడి జనగణన లెక్కలే చెబుతున్నాయి. చదువుకు వెళ్లే కుర్రాళ్లకి టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ నేర్పేందుకు విజయవాడ నిండా కోచింగ్ సెంటర్లున్నాయి. పెళ్లయి వెళ్లే పిల్లకో? వీసా, ఆవకాయ ప్యాకింగు, విమానం... అంతే!

కాలిఫోర్నియాలో స్కూలు డిస్ట్రిక్టులు నడిపే ఈ వయోజన పాఠశాలల్లో ఇంగ్లిషు దాదాపు ఉచితం. చేరేముందు చిన్న పరీక్ష. మన ఎమ్మెస్సీ అమ్మాయి చదవడంలో పై తరగతి, వినడంలో కింది తరగతి! పక్క బల్ల మీద చైనా తాతగారు, వెనకాల అఫ్గాన్ యువతి. వ్యాకరణం తర్వాత సంగతి. డాక్టరు అపాయింట్‌మెంట్ అడగడం, 911కి ఫోన్ చేసి చిరునామా చెప్పడం, ఫారాలు నింపడం... పాఠాలన్నీ ఇవే.

అసలు చిక్కు నాలుకతో. మనది అజంత భాష. ప్రతి మాటా అచ్చుతో ముగిస్తేనే మనకి తృప్తి. అందుకే బస్సు, రోడ్డు, బ్యాంకు. ఏ కారణంగా తెలుగు తీయనిదని మురిసిపోతామో, ఆ చివరి ఉకారమే అక్కడ అడ్డం తిరుగుతుంది. మనకున్నది ఒకటే 'వ'. వాళ్లకి రెండు... పళ్లు పెదవికి తాకేది ఒకటి, పెదవులు సున్నా చుట్టేది ఇంకొకటి. తీగకీ, ద్రాక్షసారాకీ మనం ఒకటే 'వైన్' వాడేస్తాం. తాతగారు 'ఎక్స్‌పైర్' అయ్యారంటే టీచరు తెల్లబోయిందట. అక్కడ ఎక్స్‌పైర్ అయ్యేవి పాలూ, మందులే!

ఉద్యోగం పాఠం మరో వింత. మన బయోడేటాలో తండ్రి పేరు, పుట్టినతేదీ, పెళ్లయిందా లేదా, పక్కన ఫొటో... అన్నీ ఉండాల్సిందే. అక్కడి రెజ్యూమెలో ఇవేవీ పెట్టకూడదు. నలభై దాటినవాళ్లపై వయసు చూసి వివక్ష చూపకూడదని 1967లోనే చట్టం చేశారు మరి. ఆపైన, ఇంటర్వ్యూలో కళ్లలోకి చూస్తూ తన గొప్ప తానే చెప్పుకోవాలి. 'సొంత డబ్బా కొట్టుకోకు' అని పెంచిన ఇంటి పిల్లకి ఇంగ్లిషుకన్నా ఇదే కష్టం. టీచరుని 'గారు' లేకుండా పేరుపెట్టి పిలవడానికే ఆమెకి నెల పట్టింది.

ఇన్నీ నేర్చినా తలుపు తెరుచుకోకపోవచ్చు. హెచ్4 వీసా మీద వెళ్లిన ఇల్లాలు చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయాలంటే వేరే అనుమతి కావాలి. 2015 మే నెలలో అమల్లోకొచ్చిన నిబంధన ప్రకారం, ఆ అనుమతి కొందరికే. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఓ మెట్టు దాటితేనే ఆమెకి అర్హత. అప్పటిదాకా డిగ్రీలు పెట్టెలోనే. భాష రాకపోవడం ఒక నష్టమైతే, వచ్చీ ఊరికే కూర్చోవడం ఇంకా పెద్ద నష్టం.

ఆ అమ్మాయికీ ఇంకా అనుమతి రాలేదు. ఈలోగా పిల్లాడికి చెవిపోటు వచ్చింది. ఈసారి భర్తకి ఫోన్ చేయలేదు. 'కాస్త నెమ్మదిగా మళ్లీ చెబుతారా?' అని డాక్టరు ఆఫీసువాళ్లనే అడిగింది. క్లాసులో మొదటివారం నేర్పిన వాక్యమే అది. వాళ్లు నెమ్మదిగా చెప్పారు. సాయంత్రం నాలుగింటికి రమ్మన్నారు.