రంగంటే పెన్నే బాస్!

ఆటోక్యాడ్‌లో సెక్షన్ గీసేటప్పుడు రంగులు అందం కోసం కాదు. పాత ప్లాటర్లలో నిజంగానే పెన్నులుండేవి. రంగును బట్టి పెన్ను మారేది. ఆ పద్ధతే సీటీబీ ఫైల్‌లో బతికుంది: 255 రంగులు, ఒక్కోదానికి ఓ మందం ఇవ్వొచ్చు.

సెక్షన్‌లో కోత పడిన గోడ, స్లాబు, బీము మందంగా రావాలి, 0.50 మి.మీ. అనుకోండి. వెనక కనిపించేవాటికి 0.18 చాలు. హ్యాచ్ ఇంకా సన్నం. మా బాబాయి ఇంటి ప్రింట్‌లో అన్నీ ఒకే మందం. వెనక గోడలోని బీము మెట్ల మీదికి వస్తుందనుకుని మేస్త్రీ సెంట్రింగ్ కొట్టేశాడు. రెండు రోజుల కూలి గోవిందా!

కోడ్‌లో విలువల్ని ఎక్కడపడితే అక్కడ రాసేయం కదా, ఇదీ అంతే. కోత, వెనక, హ్యాచ్, కొలతలు... దేని లేయర్ దానికి పెట్టి, గీతల రంగు ‘బైలేయర్’లో ఉంచండి. లేయర్ రంగు మారిస్తే గీతలన్నీ మారతాయి. ఎవరో విడివిడిగా రంగులేసిన ఫైల్ చేతికొస్తే ‘సెట్‌బైలేయర్’ కమాండ్ ఉంది. డెఫ్‌పాయింట్స్ లేయర్‌లో మాత్రం గీయకండి, అది ప్రింట్‌లో రాదు.

పంపేముందు మోనోక్రోమ్ ప్రివ్యూ చూడండి. రంగుల్లేకుండా కోత ఎక్కడో తెలిసిందా? ఇక సైట్‌కి పంపేయండి.