ఇల్లాలు – వ్యవహారము: నుజ్జయిన కారు, చదువని కాగితము

ఏనుగు బ్రతికినను వేయి వరహాలు, చచ్చినను వేయి వరహాలు అని మన పెద్దల మాట. లక్షలు పోసి కొన్న మోటారు కారును గూర్చియు మనలో ననేకులకు ఇట్టి ధీమాయే కలదు. బీమా యున్నది గదా, కారు నుజ్జయినను కొన్న ధర చేతికి వచ్చునని తలచుచుందురు. సోదరీమణులారా, కారు ఏనుగు కాదు. ఈ మాసము మేము ముచ్చటింపదలచిన విషయ మిదియే.

మేమెరిగిన యొక గృహమున విలువగల విదేశపు కారొకటి ఇల్లాలి పేరున కొనబడెను. ఆమె పేరు కలిసివచ్చునని భర్త ముచ్చటపడి యట్లు చేసెను. ఆమె చూపినచోట నెల్ల సంతకము చేసినది, కాగితములను బీరువాలో భద్రపరచినది, ఒక్కటియు చదువలేదు. రెండున్నర సంవత్సరముల పిమ్మట నొక రాత్రి భర్త నడుపుచుండగా, రహదారిపై దీపములు లేక ఆగియున్న లారీకి ఆ కారు వెనుకనుండి కొట్టుకొనెను. భగవత్కృపవలన ప్రాణములు దక్కినవి, కారు దక్కలేదు. తరువాత వచ్చిన చిక్కులన్నియు ఆ చదువని కాగితములలో ముందే వ్రాసియున్నవి.

మొదటి చిక్కు విలువను గూర్చినది. బీమా పాలసీపై ఐ. డి. వి. అను మూడక్షరముల ప్రక్క నొక అంకె యుండును. కారు పూర్తిగా నాశనమైనచో కంపెనీ ఇచ్చు సొమ్మునకు ఆ అంకెయే హద్దు. కొత్త కారునకు మొదటి ఆరు నెలలలో దుకాణపు ధరపై నూటికి 5 వంతులు తగ్గింతురు. సంవత్సరము లోపల 15, రెండవ సంవత్సరమున 20, మూడవదానిలో 30, నాల్గవదానిలో 40, అయిదవదానిలో 50 వంతులు తగ్గును. అటు తరువాత కంపెనీయు యజమానియు మాటలాడుకొని నిర్ణయించుకొందురు. రిజిస్ట్రేషను కొరకును జీవితకాలపు పన్ను కొరకును మనము చెల్లించిన లక్షలు ఈ లెక్కలోనికి సాధారణముగా రానేరావు.

ఒక లెక్క వేసి చూతము. దుకాణపు ధర 60 లక్షలు, పన్నులు మొదలగు వానితో కలిపి 72 లక్షలు అయిన కారొకటి యనుకొందము. అందులో 54 లక్షలు బ్యాంకు అప్పు, 18 లక్షలు చేతిసొమ్ము. మూడవ సంవత్సరమున కారు నుజ్జయినది. అప్పటి బీమా విలువ 42 లక్షలు. అప్పు ఇంకను 38 లక్షలు మిగిలియున్నదేని, కారు బ్యాంకునకు తాకట్టులో నున్నది గనుక ఆ సొమ్ము ముందుగా బ్యాంకునకే పోవును. పెద్ద ఇంజను కారులకు విధిగా తగ్గించు 2,000 రూపాయలును తీసివేయగా, గృహమునకు చేరునది నాలుగు లక్షలకు లోపే. పెట్టిన 18 లక్షలును, రెండేండ్లకు పైగా కట్టిన వాయిదాలును కలిసి ఈపాటిగా తేలినవి.

ఇందుకు ఉపాయము లేకపోలేదు. కొంత యెక్కువ ప్రీమియము తీసికొని, సర్వనాశనమైనపుడు కొన్న ధరనే చెల్లించు "రిటర్న్ టు ఇన్వాయిస్" అను అదనపు రక్షణ కలదు. అది సాధారణముగా కారు కొన్న మొదటి కొలది సంవత్సరములకే లభించును. రోడ్డు పన్నును గూడ ఇత్తురో లేదో కంపెనీ కంపెనీకి భేదముండును గాన అడిగి తెలిసికొనవలెను. "జీరో డిప్రిసియేషన్" ఉన్నది గదా యని కొందరు ధైర్యముగా నుందురు. అది మరమ్మతులలో మార్చిన భాగముల వెలకు సంబంధించినది. కారే పోయినపుడు అక్కరకు రాదు. రావలసిన సొమ్ము ప్రమాదము జరిగిన నాడు కాదు, పాలసీ తీసికొన్న నాడే నిర్ణయమైపోవుచున్నది. ప్రీమియము నాలుగు వేలు తగ్గునని ఐ. డి. వి.ని తగ్గించి వ్రాయించుకొనుట ఎంతటి తెలివితక్కువయో దీనివలన తెలియగలదు.

కారు పూర్తిగా పోయినదని యెవరు నిర్ణయింతురు? మరమ్మతు ఖర్చు బీమా విలువలో నూటికి 75 వంతులు మించినచో దానిని సర్వనాశనముగా భావింతురు. ఖరీదైన కారులలో దీపములు, గాలిసంచులు, లోపలి యంత్రపు కన్నులు, అన్నియు మిక్కిలి విలువైనవి. కావున పైకి చక్కగా కనబడు కారును ఈ హద్దు దాటుట కలదు. లైసెన్సుగల సర్వేయరు వచ్చి చూచి నివేదిక వ్రాయును. ఆయన చూడకముందు కారును విప్పనీయరాదు. నలుప్రక్కల ఫొటోలు తీసి, వెంటనే కంపెనీకి తెలియజేయవలెను. నివేదిక ప్రతిని అడిగి తీసికొనవలెను.

వరదనీటిలో మునిగిన కారు విషయమున మరియొక జాగ్రత్త కలదు. 2020 అక్టోబరులో హైదరాబాదునను, 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగినపుడు విజయవాడ సింగ్‌నగరు మొదలగు పేటలలోను వాహనములు నీట మునిగినవి. అట్టి కారునకు తాళము త్రిప్పి చూడరాదు. నీరు చేరిన ఇంజను తిరిగినచో లోపల విరుగును. ఆ నష్టము మీ చేతలవలన కలిగినదని కంపెనీ త్రోసిపుచ్చవచ్చును. ఇంజనునకు ప్రత్యేక రక్షణ తీసికొనియున్నచో కొంత మేలు.

మరల మన గృహమునకు వత్తము. ఆ కారును సర్వనాశనముగా నిర్ణయించిరి. శిథిలమును 9 లక్షలకు ఒక దళారి కొనునని, మిగిలినది తామిత్తుమని కంపెనీవారు చెప్పిరి. ఇది లోకమున నున్న పద్ధతియే. దళారి వచ్చి సొమ్ము చెల్లించి, ఇల్లాలిచేత నాలుగు ఖాళీ ఫారములపై సంతకములు చేయించుకొని, బండిపై శిథిలమును తీసికొనిపోయెను. అప్పు తీరినది; మనసు కుదుటపడినది. ఏడాదిన్నర గడచిన పిమ్మట పొరుగు రాష్ట్రపు న్యాయస్థానమునుండి ఆమె పేర నోటీసు వచ్చెను. ఎవరో ఆ శిథిలమును బాగుచేయించి నడుపుచు నొక మనిషిని గుద్దిరి. పుస్తకములో యజమాని పేరు మారలేదు. బీమా ఏనాడో రద్దయినది. చనిపోయినవాని భార్య పరిహారము కోరుచు వేసిన దావాలో ప్రతివాది మన యింటి యిల్లాలు! ఆ వ్యాజ్యము ఇంకను తెమలలేదు.

ఆమె తప్పేమని మీరడుగవచ్చును. మోటారు వాహనముల చట్టము (1988) ప్రకారము ఎవరి పేర రిజిస్ట్రేషను కలదో వారే యజమాని. కారు ఎన్ని చేతులు మారినను, పుస్తకములో పేరున్నవారే పరిహారమునకు బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అదే చట్టము మార్గమును గూడ చూపినది. వాహనము శాశ్వతముగా పనికిరాకపోయినచో యజమాని 14 దినములలోగా, లేదా వీలైనంత త్వరగా, రవాణా కార్యాలయమునకు తెలిపి రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెను. శిథిలమును అమ్మినచో కొన్నవాని పేరునకు మార్పించి, మారినట్లు చేతికి కాగితము వచ్చువరకు వెంటబడవలెను. బ్యాంకు అప్పు తీరినట్లు పత్రము తీసికొని తాకట్టు నమోదును కొట్టివేయింపవలెను. ఖాళీ ఫారముపై సంతకము మాత్రము బ్రహ్మదేవుడు వచ్చి అడిగినను చేయరాదు.

ఇంకొక మాట చెప్పుటకు మనసొప్పదు గాని చెప్పక తప్పదు. పాలసీతో వచ్చు 15 లక్షల ప్రమాద బీమా "యజమాని యగు డ్రైవరు"నకు మాత్రమే. కారు భార్య పేరున నుండి, భర్త నడుపుచు ప్రాణాపాయము పొందినచో ఆ సొమ్ము రాదు. యజమానురాలికే లైసెన్సు లేనిచో ఆ రక్షణ ఆమెకును వర్తింపదు. కారు మీ పేరున, నడుపువారు మరియొకరు అయినచో వారికి వేరుగా ప్రమాద బీమా కలదా యని నేడే విచారింపుడు. కారు భర్త పేరున నుండి ఆయన కాలము చేసినచో, ఆ పాలసీ మూడు నెలలు, లేక గడువు ముగియువరకు, ఏది ముందైన అంతవరకే చెల్లును. ఆ లోపల పేరు మార్పించుకొనవలెను. దుఃఖములో నున్న యింట ఈ సంగతి యెవరికిని గుర్తుండదు గాన ముందే తెలిసియుండుట మంచిది.

కంపెనీ అన్యాయముగా కాదనినచో నోరు మూసికొని కూర్చుండ నక్కరలేదు. మొదట కంపెనీకే వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. ఒక నెలలో బదులు రాకున్నను, వచ్చిన బదులు తృప్తికరముగా లేకున్నను, బీమా అంబుడ్స్‌మనుకు వ్రాసికొనవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులకు ఆ కార్యాలయము హైదరాబాదులో నున్నది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ నిరాకరించిన నాటినుండి ఒక సంవత్సరము లోపల వ్రాయవలెను. వినియోగదారుల కమిషనునకు పోవు దారియు తెరచియే యున్నది.

నగ కొన్నపుడు మనము తూకము, మచ్చు, తరుగు అన్నియు అడుగుదుము; అంగడివాడు విసిగికొన్నను విడువము. దానికి పదిరెట్లు విలువగల కారు మన పేరున వచ్చినపుడు మాత్రము "అవి మగవారి వ్యవహారములు" అని తప్పుకొందుము. న్యాయస్థానము అట్లనదు, పేరున్నవారినే పిలుచును. ఈ సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట బీరువాలోని ఆ కాగితమును పైకి తీయుడు. ఐ. డి. వి. ఎంత, అదనపు రక్షణలేవి, గడువెప్పుడు, వారసులుగా నెవరి పేరు వ్రాసియున్నది – ఈ నాలుగింటిని ఎర్రసిరాతో గుర్తు పెట్టుకొనుడు. పావుగంట పనియే. మేము చెప్పిన యిల్లాలు నేడు వాయిదా వాయిదాకును పొరుగు రాష్ట్రమునకు ప్రయాణము చేయుచున్నది, రైలులో.