పీహెచ్‌డీకి ముందు ఒక ప్రశ్న

'బీటెక్ అయిపోయిందిగా... ఇంకా ఐదేళ్లు చదువేంటి?'

బాసర ట్రిపుల్ ఐటీ నుంచి కెమికల్ ఇంజినీరింగ్ పట్టాతో గోదావరిఖనికో కాగజ్‌నగర్‌కో తిరిగొచ్చిన అమ్మాయి 'పీహెచ్‌డీ చేస్తా నాన్నా' అంటే, ఏ ఇంట్లోనైనా ముందు వినిపించే మాట ఇదే. అడగాల్సిందే. అయితే దాంతోపాటే మరొకటీ అడగాలి: 'దేనిమీద చేస్తావమ్మా?'

ఎందుకంటే పీహెచ్‌డీ అంటే మరికొన్ని పుస్తకాలూ పరీక్షలూ కాదు. ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పని ఒక ప్రశ్నను పట్టుకుని, ఏళ్ల తరబడి వెంటపడి, రుజువులతో సహా జవాబు చెప్పడం. అలాంటి ప్రశ్నలకు ఉత్తర తెలంగాణలో కొదవలేదు. రామగుండం ఎరువుల కర్మాగారాన్నే చూడండి. 1980లో మొదలైన పాత ఫ్యాక్టరీ బొగ్గును వాయువుగా మార్చి యూరియా చేసేది. నష్టాలతో 1999లో మూతపడింది. 2021లో అక్కడే ఉత్పత్తి ప్రారంభించిన కొత్త ఫ్యాక్టరీ, పక్కనే సింగరేణి బొగ్గున్నా, పైపులైన్‌లో వచ్చే సహజవాయువుతో నడుస్తోంది. బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గును లాభసాటిగా వాయువుగా మార్చడమెలా? సిర్పూర్ పేపర్ మిల్లులాంటి చోట గుజ్జు ఉడికించాక మిగిలే నల్లటి ద్రవం నుంచి రసాయనాలను తక్కువ ఖర్చుతో తిరిగి రాబట్టడమెలా? ఇలాంటివన్నీ కెమికల్ ఇంజినీర్లు తేల్చాల్సినవే. గాజు బీకరులో జరిగిన చర్యను టన్నుల్లో, ప్రమాదం లేకుండా, గిట్టుబాటుగా జరిపించడమే వాళ్ల పని.

ఇక అర్హతలు. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులుండాలి. నాలుగేళ్ల డిగ్రీతోనే చేరాలంటే 75 శాతం కావాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఆర్థికంగా వెనకబడిన వర్గాల వారికీ, దివ్యాంగులకూ 5 శాతం సడలింపు ఉంటుంది. ఐఐటీలూ ఎన్ఐటీలూ సొంత నిబంధనలు పెట్టుకుంటాయి. అక్కడ చాలావరకు గేట్ స్కోరు కీలకం, ఆపైన రాతపరీక్షో ఇంటర్వ్యూనో ఉంటుంది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. దూరమూ పోనక్కర్లేదు... వరంగల్ ఎన్ఐటీ, హైదరాబాద్‌లో ఉస్మానియా టెక్నాలజీ కళాశాల, ఐఐసీటీ, సంగారెడ్డి దగ్గర ఐఐటీ హైదరాబాద్ ఉన్నాయి.

సీటు రావడం తొలిమెట్టే. చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్సులు చదవాలి. చాలా సంస్థల్లో సమగ్ర పరీక్ష గట్టెక్కాలి. ఆర్నెల్లకోసారి సలహా సంఘం ముందు పని ఎంతవరకూ వచ్చిందో చెప్పాలి. చివర్లో సిద్ధాంత గ్రంథం. అందులో కాపీ ఉందేమో వడపోస్తారు. గైడ్ కాక, కనీసం ఇద్దరు బయటి నిపుణులు చదువుతారు. వాళ్లు సరేనన్నాకే వైవా. ఇదంతా మూడేళ్లలోపు కుదరదు, ఆరేళ్లు దాటకూడదు. విశ్వవిద్యాలయం మరో రెండేళ్లు పొడిగించవచ్చు. మహిళలకూ 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికీ ఇంకో రెండేళ్ల వెసులుబాటుంది. ప్రసూతి సెలవు 240 రోజులు.

మరి ఇల్లు గడిచేదెలా? ఐఐటీ, ఎన్ఐటీల్లో కేంద్ర ఫెలోషిప్ దొరికితే 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. తోటివారి జీతాల ముందు ఇది తక్కువే కావచ్చు, కానీ ఇంటిమీద భారం పడదు. ఫెలోషిప్ లేకుండా చేరేవారు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

అన్నిటికంటే ముఖ్యం గైడ్ ఎంపిక. చేరేముందే ఆయన దగ్గర చదివినవాళ్లు ఎన్నాళ్లలో పూర్తిచేశారో, ఇప్పుడు ఎక్కడున్నారో వాకబు చేయాలి. పెళ్లి సంబంధానికి పడేంత శ్రద్ధ దీనికీ పడాలి!

ప్రయోగాలు విఫలమవుతాయి. నెలల పని నీటిపాలవుతుంది. అప్పుడు నిలబెట్టేది మార్కులు కాదు, మొదట్లో పట్టుకున్న ప్రశ్న మీది మమకారమే. 'దేనిమీద?' అన్న నాన్నకు ఆ అమ్మాయి గుక్క తిప్పుకోకుండా జవాబు చెప్పిందా... ఇక పంపించడానికి సందేహించక్కర్లేదు. నీళ్లు నమిలిందా, ఓ ఏడాది ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రమ్మనడమే మేలు. ప్రశ్న అక్కడే దొరకొచ్చు.